రమ కరం చాటున

‘రమ కరం చాటున సూర్యుడు చేరే చోటు.’ మూడక్షరాలు.

మా బాబాయి సంక్రాంతికి కట్టిన గళ్లనుడికట్టులో అడ్డం ఆధారాల్లో ఇదొకటి. ఆయన తెలుగు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు, అద్దంకి దగ్గర పల్లెలో ఉంటారు. ఏటా భోగి రాత్రి లెక్కల నోటుపుస్తకంలో గళ్లు గీసి, కనుమ నాడు గారెలు తిన్న బరువుతో ఎవరూ కదలలేని వేళ చూసి మా మధ్యన పెడతారు. జవాబులన్నీ పండగకు సంబంధించినవే. అందులో మాకు తెలియని మాట ఒక్కటీ ఉండదు. అయినా మధ్యాహ్నమంతా పడుతుంది.

ఈ ఆధారానికి మా చెల్లెలు వెంటనే ‘కమలం’ అంది. రమ అంటే లక్ష్మి, ఆమె చేతిలో కమలం, కమలానికి సూర్యుడితో చుట్టరికం. ఎవరమూ కాదనలేదు. ఆ తర్వాత నిలువులో ‘కొండల నడుమ దారి, పశువులకు పండగ’ అన్నదానికి ‘కనుమ’ పడింది. దాని మొదటి ‘క’ వచ్చి సరిగ్గా కమలం నడిమి గడిలో కూర్చుంది. కమలం పోయింది. చెల్లెలు కాసేపు చూసి, ఆధారాన్ని ఈసారి ఎక్కడా ఆగకుండా పైకి చదివింది. రమకరం. ‘మకరం!’ అని అరిచింది. సూర్యుడు సంక్రాంతి నాడు చేరేది మకరానికే. ఆ మూడక్షరాలూ మొదటి నుంచీ మా కళ్లెదుటే ఉన్నాయి.

ఆ క్షణంలో జరిగిందేమిటన్నది నన్ను చాలాకాలంగా పట్టుకున్న ప్రశ్న. కొత్తగా తెలిసిందేమీ లేదు. మకరరాశి సంగతి ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు. కాగితం మీద అక్షరం కూడా మారలేదు. మాటను విరిచే చోటు మారిందంతే. మామూలుగా మనం మాట వినగానే అర్థంలోకి దూకేస్తాం, ధ్వని వెనకే ఉండిపోతుంది. చేతులు, లక్ష్మి, తామర అన్నీ కళ్లకు కడతాయి కాబట్టి చెవి పనిచెయ్యదు. తెలివి చాలక ఆగిపోతున్నామని మనం అనుకుంటాం. నిజానికి అర్థం మరీ తొందరగా అందడం వల్లే ఆగిపోతున్నాం.

ఈ కిటుకు కొత్తదేమీ కాదు. సంస్కృత లాక్షణికుడు దండి తన కావ్యాదర్శం మూడో పరిచ్ఛేదంలో పదహారు రకాల ప్రహేళికలు చెప్పాడు. పదాలు సంధిలో కలిసిపోయి అర్థాన్ని దాచేదానికి ‘సమాగత’ అని పేరు. ఒక అర్థంలో స్థిరపడ్డ మాటను మరో అర్థంలో వాడి బోల్తా కొట్టించేది ‘వంచిత’. బాబాయి ‘సుఖపురుషుడూ పామూ ఒకే మంట చుట్టూ’ అని రాసి భోగిని రాబట్టారంటే అది వంచిత వంశమే. ‘గడ్డిలో కాయ చేసేది, వాకిట్లో అమ్మాయి పెట్టేది’ అంటే ముగ్గు. ప్రహేళికల ఉపయోగం కూడా దండి చెప్పాడు: వినోద గోష్ఠులకు, జనం మధ్య గుట్టుగా మాట్లాడుకోడానికి, ఎదుటివాణ్ని తికమక పెట్టడానికి.

గళ్లు మాత్రం బయటి నుంచి వచ్చాయి. 1913 డిసెంబరు 21న, క్రిస్మస్‌కు ముందు ఆదివారం, ‘న్యూయార్క్ వరల్డ్’ పత్రిక వినోదాల అనుబంధంలో ఆర్థర్ విన్ వేసిన పజిల్‌తో మొదలు. అంటే పుట్టుకే పండగ పుటల్లో. అందులోవి సూటి ప్రశ్నలు. ఆధారాన్ని మెలిపెట్టే పద్ధతి 1920లలో ఇంగ్లండులో ఊపందుకుంది. మన దేశంలో ‘ది హిందూ’ 1971 నుంచి క్రాస్‌వర్డ్ వేస్తోంది. తెలుగులో శ్రీశ్రీ పదబంధ ప్రహేళికలు, ఆరుద్ర గళ్లనుడికట్లు కట్టారు. మహాకవులు దీన్ని చిన్న పనిగా చూడలేదన్నది నాకు ధైర్యమిచ్చే సంగతి. తెలుగు గడి స్వభావం కూడా వేరు. ‘క్రాం’ అంతా ఒక్క గడిలో ఇముడుతుంది. ఇంగ్లీషులో అయితే హల్లుకో గడి, అచ్చుకో గడి. మనకు ఒక్క గడి తెలిస్తే గుణింతంతో సహా తెలిసినట్టే. అందుకే ఇక్కడ అక్షరాలు చిందరవందర చేయడం కంటే, మాటను కొత్తచోట విరవడమే ఎక్కువ రక్తి కడుతుందని నా నమ్మకం.

మంచి ఆధారంలో తాలు ఉండదు. సంక్రాంతి నాటికి మాకు మొదటి కోతల మిరప కల్లాల్లో ఎండుతుంటుంది. రంగుపోయిన కాయను తాలు అని ఏరి పక్కన పోస్తారు, మిర్చి యార్డులో దాని ధర వేరు. బాబాయి ఆధారాలను అలాగే ఏరతారు. ‘రమ కరం’ దాచిన చోటు, ‘చాటున’ ఎలా వెతకాలో చెప్పే మాట, ‘సూర్యుడు చేరే చోటు’ అర్థం. ఊరికే పడున్న మాట లేదు. మమ్మల్ని తప్పుదారి పట్టించడం ఆయన ఉద్దేశమే. కానీ అబద్ధమాడే వీలు ఆయనకు లేదు. దారి చూపే గుర్తులన్నీ మా చేతికిచ్చిన తర్వాతే దారి తప్పించాలి.

తప్పుదారి పట్టించడానికీ అబద్ధమాడడానికీ ఉన్న ఈ తేడా పత్తి, మిరప పండించే ఊళ్లలో మాకు బాగా తెలుసు. నకిలీ విత్తనాల ప్యాకెట్ మీద కూడా రకం పేరు, మొలక శాతం, గడువు తేదీ అన్నీ సూటిగా, విడమరిచి అచ్చేసి ఉంటాయి. చేను నడుమెత్తు పెరుగుతుంది, కాయ పడదు. ఆ ప్యాకెట్‌ను ఎన్నిసార్లు చదివినా, ఎక్కడ విరిచి చదివినా మోసం దొరకదు. ఏడాది కష్టం, కౌలు, అప్పు పోయాక తెలుస్తుంది. మా ఇంట్లోనూ ఒక ఏడు అలా పోయింది. గళ్లనుడికట్టు ముందు కూర్చున్నప్పుడు నాకు కలిగే నెమ్మది ఆ అనుభవంతో ముడిపడిందే. ఇక్కడ నన్ను మోసగించేవాడు, నేను కనిపెట్టాలని కోరుకుంటున్నాడు. నేను ఓడితే ఆయన గెలిచినట్టు కాదు. దండి చెప్పిన ఉపయోగాల్లో ఈ నమ్మకం కూడా చేరితే బాగుండేది.

ఈసారి ఇంకో ఆధారం మీద మాత్రం వాదన తెగలేదు. ‘కోతికి సేవకుడు తోడై తెల్లారగట్ల పాడతాడు’. నాలుగక్షరాలు, హరిదాసు. ‘హరి అంటే కోతి ఏంది బాబాయ్?’ అని చెల్లెలు తగులుకుంది. అమరకోశంలో హరికి కోతి, కప్ప, చిలుక, పాము, సింహం, గుర్రం అన్నీ అర్థాలేనని ఆయన చెప్పారు. అది నిజమే. ‘పుస్తకంలో ఉంటే చాలదు, మాకు తెలిసిన మాటలోనే దాచాలి, మకరంలో దాచినట్టు’ అంది చెల్లెలు. నేను ఆమె పక్షం. బాబాయి ఒప్పుకోలేదు గానీ, పెన్సిలు తీసుకుని ఆ ఆధారం పక్కన చిన్న ప్రశ్నార్థకం పెట్టుకున్నారు.