పనిముట్టుపై ఆశ



ఫోటోలు తీయుట కాయకమగునా యని అడుగువారు మన సభలలో ఇప్పటికిని గలరు. నిస్సంశయముగా అగును. నులియ చందయ్య త్రాళ్లు పేనెను. మేదర కేతయ్య వెదురు బుట్టలల్లెను. మడివాళ మాచయ్య శరణుల వస్త్రములుదికెను. కల్యాణమున వీరిలో ఒకరి వృత్తి మఱియొకరి వృత్తికంటె తక్కువగా ఎంచబడలేదు. పెండ్లియింట తెల్లవాఱుజాము మొదలు అప్పగింతల వఱకు కాళ్లు పీకునట్లు నిలిచి, అందఱును భుజించిన పిమ్మట చల్లారిన విస్తరి ముందు కూర్చుండి, ఆ కుటుంబము తరతరములు దాచుకొను జ్ఞాపకమును చేతికిచ్చువాడు కాయకజీవియే. కావున ఈ నాలుగు మాటలు ఆ వృత్తిని నిందించుటకు గాదు. ఆ వృత్తియందున్నవారికిని, ముచ్చటకై కెమెరా పట్టిన గుమాస్తాలకును, ఉపాధ్యాయులకును, ఇంజనీర్లకును తమ చేతిలోని కెమెరాపై నిత్యము గలుగు అసంతృప్తిని విచారించుటకే వ్రాయుచున్నాను.

మాయ వస్తువులయందు లేదనియు, మనస్సు ముందు నిలిచిన ఆశయే మాయయనియు అల్లమప్రభుదేవుల బోధ. ఈ బోధను బంగారము, భూమి మొదలగువానికి అన్వయించుకొనుట మనకు అలవాటు. పనిముట్టునకు అన్వయించుకొనము. ఏలయనగా పనిముట్టుపై ఆశ పనిపై శ్రద్ధవలె కనబడును. "నగలు కొనుటలేదు, తాగుటలేదు, పనికొఱకే గదా కొనుచున్నాను" అను సమాధానము సిద్ధముగా నుండును. ఆశ తొడుగుకొను వేషములలో ఇది మిక్కిలి మర్యాదగల వేషము.

ఆ వేషము తీసి చూతము. క్రొత్త కెమెరా కొన్నవానికి మొదటి నెల ఆనందము. రెండవ నెలలో దీపకాంతిలో తీసిన చిత్రమున గింజలు కనబడును. మూడవ నెలలో పొరుగువాని చిత్రమున వెనుకభాగము వెన్నవలె మసకబాఱుటయు, తన చిత్రమున పందిరి గుంజలు స్పష్టముగా నిలుచుటయు కంటబడును. అంతట లెన్సు వెదకుట మొదలు. కేనన్ సంస్థవారు మిర్రర్‌లెస్ కెమెరాలకు చేయు 50 మిల్లీమీటర్ల లెన్సులలో ఎఫ్ 1.8 గలది యొకటి, ఎఫ్ 1.2 గలది యొకటి యున్నవి. మొదటిది 160 గ్రాములు, రెండవది 950 గ్రాములు. రెండవదాని వెల మొదటిదానికి సుమారు పదింతలు. అధికముగా లోనికి వచ్చు వెలుతురెంత? లెక్క వేసినచో రెండుంబావు రెట్లు మాత్రమే. మొదటి మెట్టునకు వందలు, పిమ్మట వేలు, ఆ పిమ్మట లక్షలు. మెట్టు మెట్టునకు వెల పెరుగుచుండును, మేలు తఱుగుచుండును.

మెగాపిక్సెళ్ల లెక్కయు నిట్టిదే. పెండ్లి ఆల్బములో పండ్రెండంగుళముల వెడల్పు, పదునెనిమిదంగుళముల పొడవు గల పుటను అంగుళమునకు 300 చుక్కల చొప్పున ముద్రించుటకు 3,600ను 5,400తో గుణింపవలెను. రెండు కోట్ల చుక్కలకు కొంచెము తక్కువ. 24 మెగాపిక్సెళ్ల సామాన్యపు కెమెరా రెండు కోట్ల నలువది లక్షల చుక్కలనిచ్చును. ఇంటిలో నున్న 4కె టీవీ తెఱపై పట్టునవి 83 లక్షలు మాత్రమే. ఇక పెండ్లివారిలో పెక్కుమంది ఆ చిత్రములను చూచునది అఱచేతిలోని ఫోనులో. అయినను 45 మెగాపిక్సెళ్ల కెమెరా రాగానే పాతది పనికిరానిదైపోయినట్లు నిద్ర చెడును. 1975లో కొడాక్ సంస్థలో స్టీవెన్ శాసన్ అను ఇంజనీరు చేసిన తొలి డిజిటల్ కెమెరా శక్తి 0.01 మెగాపిక్సెలు. ఒక చిత్రమును క్యాసెట్టు టేపుపై నెక్కించుటకు దానికి 23 సెకనులు పట్టెను. అక్కడనుండి ఇంతదూరము వచ్చినను చాలుననుకొనువాడు అరుదు. యంత్రము పెరిగినకొలది చాలు అను గీటు ముందునకు జరుగుచున్నదేగాని దగ్గఱకు వచ్చుటలేదు.

పూర్వులు ఏ పరికరములతో పని చేసిరో ఒక్కసారి తలచుకొందము. 6వ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థానమున నున్న రాజా దీన్‌దయాళ్ (1844–1905) కొయ్యపెట్టెవంటి కెమెరాను, ముక్కాలిపీటను, గాజుపలకలను మోయించుకొని తిరిగినవాడు. గాజు పగిలినచో చిత్రము పోయినట్లే. ఆయన తీసిన హైదరాబాదు నేటికిని మనకు కనులవిందు చేయుచున్నది. 1948 జనవరి 30న గాంధీజీ మరణమునకు కొలది సేపటి ముందు ఆయనను కలసి, అటుపై ఢిల్లీ దుఃఖమును చిత్రించిన హెన్రీ కార్టియే-బ్రెస్సన్ తన జీవితమున అధికభాగము చిన్న లైకా కెమెరాతోను, ఒక్క 50 మిల్లీమీటర్ల లెన్సుతోను గడపెను. మన దేశపు తొలి మహిళా పత్రికాఛాయాగ్రాహకురాలు హోమై వ్యారావాలా (1913–2012) కాలమున ఫ్లాష్ బల్బు ఒక్కసారి వెలిగి మాడిపోయెడిది, మఱల వెలుగు కావలెనన్న క్రొత్త బల్బు పెట్టవలసినదే. మన యిండ్లలో పెద్దలు అపురూపముగా దాచుకొన్న అగ్ఫా క్లిక్ 3 డబ్బాలో చుట్టకు పండ్రెండు చిత్రములు మాత్రమే. పండ్రెండే యుండుటచే నొక్కుటకు ముందు కన్ను చూచెడిది. ఇప్పుడు పండ్రెండు వందలు నొక్కి, పిమ్మట చూచుచున్నారు.

ఇచ్చట ఇష్టలింగమును స్మరించుట అప్రస్తుతము గాదు. బిజ్జలుని భండారియైన బసవన్న వక్షస్థలమున నున్నదియు, చెప్పులు కుట్టు హరళయ్య వక్షస్థలమున నున్నదియు ఆ ఇష్టలింగమే. మంత్రిపదవి వచ్చినది గనుక పెద్ద లింగము కావలెనని బసవన్న యడుగలేదు. ఎడమ అఱచేతిలో నిలిపి చూచునది అంగుళమంత వస్తువే. దానియందు చూపు నిలుచుటకు పట్టు కాలము వస్తువుయొక్క పరిమాణముపై నాధారపడదు, చూచువాని నిలుకడపై నాధారపడును. దినదినము అట్లు చూపు నిలుపుట నేర్చిన యింటి పిల్లలకు కెమెరా వెనుక నిలిచినపుడు ఆ నేర్పు ఏల మఱపు వచ్చుచున్నదో నాకు తెలియదు.

అట్లని మంచి పనిముట్టు పాపమనువాడను గాను. కుమ్మర గుండయ్య పగిలిన సారెపై కుండలు చేసినాడని ఎవ్వరును చెప్పలేదు. పెండ్లి ఫోటోలు తీయువాని కెమెరాలో ఏకకాలమున రెండు మెమరీ కార్డులపై వ్రాయు సదుపాయముండుట విలాసము గాదు. కార్డు చెడినచో ముహూర్తము మఱల రాదు. రెండవ కెమెరా సంచిలో నుండుటయు నట్టిదే. పులికాట్ సరస్సున దూరముగా మేయు రాజహంసలను 50 మిల్లీమీటర్ల లెన్సుతో తీయబూనువానికి తెల్లని చుక్కలు దక్కును, పొడవైన లెన్సు అక్కడ అవసరమే. కాని అదే లెన్సు లేదని కుములువాడు గుంటూరు దగ్గఱి ఉప్పలపాడు పోయి చూడవలెను. అక్కడ ఊరి చెరువులోని చెట్లపైననే కొంగలును గూడబాతులును గూళ్లు కట్టుకొనును. గట్టుపై ఓపికతో నిలుచువానికి సామాన్యపు లెన్సు చాలును. పని అడుగునది అవసరము, పొరుగువాని సంచి చూచి మనస్సు అడుగునది ఆశ. ఈ రెంటిని వేఱుచేయుటకు కొనబోవు రాత్రి ఒక్క ప్రశ్న చాలును: గడచిన సంవత్సరమున ఈ వస్తువు లేక నేను తీయలేకపోయిన చిత్రములెన్ని? వ్రేళ్లపై లెక్కింపగలిగినచో కొనవచ్చును. ఒక్కటియు గుర్తు రానిచో నిద్రించుట మేలు.

"పోటీ యున్నది సార్, పార్టీవాళ్లు ముందుగా ఏ కెమెరా అనే అడుగుతున్నారు, డ్రోను ఉందా అంటున్నారు" అని యువకులు నాతో వాదింతురు. ఆ మాటలో సత్యము లేకపోలేదు. దోషములో సగము పెండ్లివారిది. వంటవానిని గరిటె ఏ కంపెనీదని అడుగనివారు ఫోటోగ్రాఫరును మాత్రము మోడలు నంబరు అడుగుచున్నారు. దానికి విఱుగుడు లేకపోలేదు. పట్టణములలో లెన్సులును డ్రోనులును దినమునకింతయని అద్దెకు దొరకుచున్నవి. ముగ్గురు నలుగురు కలసి ఒకదానిని కొని వంతులవారీగా వాడుకొనుటకును అడ్డు లేదు. అద్దెకు తెచ్చిన లెన్సుతో తీసినను పెండ్లికుమార్తె నవ్వు తగ్గదు.

అప్పు చేయువారి మాట వేఱు. ఊళ్లలో నూటికి రెండు రూపాయల వడ్డీ మామూలు మాట. రెండు లక్షలు తెచ్చినచో నెలకు నాలుగు వేలు, ఏడాదికి నలువది యెనిమిది వేలు. నాలుగేండ్లు అసలు కదలనిచో వడ్డీయే లక్షా తొంబది రెండు వేలగును. ఈ లోపల సంస్థవారు మఱియొక క్రొత్త కెమెరా విడుదల చేయుదురు, పాతదాని వెల సగమునకు జాఱును. పెండ్లిండ్లు ముహూర్తములున్న నెలలలోనే, మూఢములో సంపాదన యుండదు, వడ్డీకి మాత్రము మూఢము లేదు. మంగళసూత్రము తప్ప భార్య మెడలోని బంగారమంతయు కుదువకు పోయిన యిండ్లు నేనెఱుగుదును. కాయకమువలన వచ్చినదానిలో కుటుంబమునకు పోగా మిగిలినది దాసోహమునకని మన మార్గము. ఆ యింట జంగమమూర్తికి పెట్టవలసిన పిడికెడు వడ్డీవ్యాపారి యింటికి పోవుచున్నది. ఇది కెమెరా విషయము మాత్రమేయని ఎట్లు ఊరకుందుము?

ఆయ్దక్కి మారయ్య కథ మీరెఱుగనిది గాదు. కల్యాణమున బసవన్న మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏఱి తెచ్చుట ఆయన కాయకము. ఒకనాడు నిత్యముకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. భార్యయైన లక్కమ్మ సంతసింపలేదు. ఈ అధికమెందులకని ప్రశ్నించి, తిరిగి అచ్చటనే పోసి రమ్మని పంపెను. తెచ్చినది దొంగసొత్తు గాదు, వడ్డీసొమ్ము గాదు, నేలరాలిన గింజలే. అయినను ఆ నాటికి అక్కఱలేనిది. ఆ యిద్దఱి మితమైన బియ్యముతోనే లక్కమ్మ వేలకొలది శరణులకు విందు చేసెనని పెద్దలు చెప్పుదురు. మన యిండ్లలో ఇట్లడుగు లక్కమ్మలు లేకపోలేదు. వారడిగినపుడు "నీకేమి తెలియును ఈ లెన్సుల సంగతి" అను మారయ్యలే ఎక్కువైరి.

నా వద్ద చదివిన ఒక యువకుడు రాయలసీమలోని ఒక మండలకేంద్రమున స్టూడియో నడుపుచున్నాడు. పనిమంతుడు, మాట తప్పనివాడు. ఇంటిలో ఎనుబది దాటిన అవ్వ. నుదుట నిండుగా విభూతి, దానిక్రింద గీతలు గీతలుగా ముడుతలు, తెల్లవాఱుజామున లింగపూజకు కూర్చున్నపుడు కిటికీనుండి పడు వెలుగు. ఆ రూపమును తీసిపెట్టుమని తండ్రి పలుమార్లు అడిగెను. "ఉన్న లెన్సుతో ఆ ముడతలు అంత బాగా రావు నాయనా, 85 కొన్నాక తీస్తాను" అని యతడు చెప్పుచువచ్చెను. దసరాకు కొందుననెను, సంక్రాంతికి కొందుననెను. శ్రావణమాసములో ఆమె లింగైక్యము చెందెను. ఊరివారి పెండ్లిండ్లు వేలకొలది చిత్రములుగా అతని హార్డ్ డిస్కులో నున్నవి. అవ్వ చిత్రము మాత్రము లేదు. పూలమాల వేయుటకు ఆధార్ కార్డులోని బొమ్మను పెద్దది చేయించిరి. అందులో ఆమె కన్నులు సగము మూసికొని యున్నవి, విభూతి కనబడదు. ఆ తరువాతి సంవత్సరము 85 లెన్సు వచ్చెను. చాల మంచి లెన్సు.

లెన్సులను గూర్చి ఇంకొకమాట. కోస్తాజిల్లాలవారికి ఇది మఱింత తెలియును. వాడక, గాలి వెలుతురు తగులనీయక, తోలుసంచిలో భద్రముగా దాచిన లెన్సునకు తేమవలన బూజు పట్టును. సాలెగూటి దారములవలె మొదలై, కాలక్రమమున అద్దముపై పూతను తినివేయును. పిమ్మట తుడిచినను మచ్చ పోదు. దినమును పనిలో నున్నదానికి ఆ బాధ తక్కువ. సిలికాజెల్ పొట్లములు కొనుటకంటె నెలకొకసారియైన బయటకు తీసి పని చేయుట మంచి మందు.

కావున ఈ సారి బసవజయంతికి మన యువకులకు నాదొక వినతి. అక్షయతృతీయనాడు అంగళ్లలో ఏదో ఒకటి కొనవలెనను ఆచారము ప్రబలినది. ఆ దినమున ఏమియు కొనక, ఇంటిలో నున్న కెమెరాతోనే, అది లేకున్న ఫోనుతోనే, తమ వీథిలో డెబ్బదేండ్లు దాటిన ప్రతి వృద్ధుని, వృద్ధురాలిని ఒక్కొక్క చిత్రము తీయవలెను. ఫ్లాష్ వలదు. వాకిటిలోనో కిటికీప్రక్కనో కూర్చుండబెట్టి, విభూతి పెట్టుకొను సమయమిచ్చి, వారు చెప్పు మాట వినుచు తీయవలెను. ఫోనులో చూపి వచ్చుట చాలదు, అంగడిలో కాగితముపై ముద్రింపించి వారి చేతికే ఈయవలెను. వెల తీసికొనరాదు, అది దాసోహము. ముద్రించిన దాని వెనుక పేరు, ఊరు, సంవత్సరము మెత్తని పెన్సిలుతో తేలికగా వ్రాయవలెను. గట్టిగా నొక్కి వ్రాసినచో ఆ గీతలు ముందువైపు ముఖముపై తేలును.