పెద్ద మోతాదు పక్కన చిన్న మోతాదు

పుత్తూరు నుంచి తిరుపతి స్విమ్స్‌కో రాయవేలూరు సీఎంసీకో వెళ్లే కేన్సర్ రోగికి రేడియేషన్ మొదలుపెట్టే ముందు ప్లానింగ్ సీటీ తీస్తారు. కణితికి 60 గ్రే దాకా రేడియేషన్ మోతాదు ఇవ్వబోతూ, స్కాన్‌లో పడే కొన్ని పదుల మిల్లీగ్రేల గురించి ధర్మసందేహం ఎందుకని ఎవరైనా అడగవచ్చు. అంకెల్లో చూస్తే అది సుమారు వెయ్యో వంతు. కానీ చికిత్స కిరణాలకు గురి కణితి. స్కాన్ మాత్రం చుట్టూ ఉన్న ఆరోగ్యమైన అవయవాలనూ దాదాపు అంతే తాకుతుంది. బతకడానికి పెద్ద హానిని ఒప్పుకున్న మనిషి, అక్కరలేని చిన్న హానికి కూడా ఒప్పుకున్నాడని అనుకోవడం అన్యాయం. 1996లో అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ సంఘం ఐసీఆర్‌పీ ప్రతిపాదించిన రిఫరెన్స్ లెవెల్స్‌లో నాకు కనిపించే నీతి ఇదే. ఒకే రకం స్కాన్‌కు ఆస్పత్రులు వాడే మోతాదులను వరుసలో పెట్టి, సాధారణంగా నాలుగింట మూడు వంతులు ఏ అంకెకు లోబడి ఉన్నాయో చూస్తారు. దాన్ని తరచూ దాటే చోట కారణం వెతకాలి. మోతాదు మరీ తగ్గిస్తే కణితి అంచు మసకబారి గురే తప్పుతుందన్న అభ్యంతరం బరువైనదే. అందుకే ఆ అంకెను ఏ ఒక్క రోగికీ పరిమితిగా పెట్టలేదు. బొమ్మ స్పష్టత చాలకపోతే, కారణం రాసిపెట్టి దాన్ని దాటడమే వైద్యబృందం బాధ్యత.