అడగని కడుపు

ఆకలి లేనివాడు ఉపవాసముంటే దాన్ని ఉపవాసమనవచ్చునా? లావు తగ్గడానికి స్లీవ్ ఆపరేషను చేయించుకున్న నన్ను ఈ ప్రశ్న వదలడం లేదు. అందులో జీర్ణాశయంలో ముప్పాతికపాలు కోసి తీసేస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ ఎక్కువగా ఊరేది ఆ పోయిన భాగంలోనే. పూట దాటినా కడుపు అడగదు. అడగనిదానికి పెట్టకపోవడం, లేని మడిచెక్కను దానమిచ్చినట్టే.

నా కష్టమంతా తినడంలో ఉంది. రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు, అంటే పప్పు, పన్నీరు, పాలు, కొంచెం కొంచెంగా లోపలికి పంపాలి. నీళ్లు అన్నంతో తాగరాదు, విడిగా గుక్కగుక్కగా తాగాలి. నిర్జల ఏకాదశి చేసి మరునాడు చెంబెడు నీళ్లు ఎత్తి తాగుదామంటే పట్టవు.

నీళ్లు, పండ్లు, పాలు, మందు వ్రతాన్ని చెరపవని ధర్మశాస్త్రమే ఒప్పుకుంది. హోసూరులో మా పెద్దమ్మ ఒప్పుకోదు. "పాలు తాగితే అది ఒక్కపొద్దు ఎట్లవుతుందిరా?" అంటుంది. ఆమె మాటలో పస లేకపోలేదు. వ్రతమన్నాక ఏదో ఒకటి వదులుకోవాలి. కడుపు ఊరుకున్నా నాలుక ఊరుకోలేదు. నిప్పట్ల డబ్బా చూస్తే చెయ్యి దానంతటదే పోతుంది (దీనికి ఆపరేషను లేదు మరి). అందుకని ఏకాదశినాడు వేళకు పాలు తాగి, ఆ డబ్బా మూత తీయకుండా ఉంటున్నాను. పెద్దమ్మ లెక్కలో అది ఇంకా ఉపవాసం కాలేదు.