పశువు గుణం ఎరిగినవాడు

పొగరుబోతు ఎద్దును లొంగదీయడానికి కండబలం ఒక్కటే చాలదు. దాని గుణం తెలియాలి. అమెరికాలోని టెక్సాస్‌లో 1870లో పుట్టిన నల్లజాతి కౌబాయ్ బిల్ పికెట్ బతుకే అందుకు సాక్ష్యం. మందను అదుపుచేసే కుక్కలు పశువు పెదవి కరిచి కదలనీయకపోవడం ఆయన గమనించాడు. తానూ ఆ పట్టే పట్టాడు. పరుగెత్తే గుర్రం మీంచి ఎద్దు మీదికి దూకేవాడు. కొమ్ములు పట్టి, మెడ తిప్పి, పెదవిని పళ్లతో బిగించేవాడు. అంతే, అంత ఎద్దూ కూలబడేది. ఆ విద్యతోనే మెక్సికో, ఇంగ్లండ్ దాకా తిరిగాడు. ఇది హింస కాదా అంటారా? వినోదానికి చేస్తే హింసే. అయితే ఆ పట్టు పుట్టింది పనిలో. దట్టమైన పొదల్లో తాడు విసరడానికి చోటుండదు. పారిపోయే పశువును ఎలాగో ఆపాలి కదా! గుణం ఎరిగినవాడికీ ప్రమాదం తప్పదు, సుమా. 1932లో ఒక గుర్రం తన్నడం వల్లే ఆయన చనిపోయాడు.