ఊ కొట్టడమూ ఒక విద్యే

మొన్న సంక్రాంతికి వచ్చిన మా అక్క కూతురు పెట్టెలోంచి బట్టలకంటే ముందు ఓ లావుపాటి అట్టపుస్తకం తీసి నా చేతిలో పెట్టింది. తిప్పి చూశాను. పేజీ పేజీకీ తేదీ, చేసిన పని, పట్టిన గంటలు, కింద ఎవరిదో సంతకం. ఎక్కడా ఒక్క మనిషి పేరు లేదు, అన్నీ అంకెలే.

"రెండేళ్ళ కష్టం పిన్నీ! ఆఖరి సంతకం కూడా అయిపోయింది" అంది, పెళ్ళిచీర చూపించినంత మురిపెంగా.

"ఇంతకీ నువ్వు పిచ్చి డాక్టరువా అమ్మాయ్?" అన్నారు మా అత్తగారు.

"కాదు బామ్మగారూ, నేను మందులివ్వను."

"మందులివ్వని డాక్టరేమిటే తల్లీ!" అని ఆవిడ అక్కడికక్కడే తేల్చేసి జపమాల అందుకున్నారు.

నిజం చెప్పొద్దూ, నాకూ మొన్నటిదాకా సరిగ్గా తెలియదు. ఎం.బి.బి.ఎస్. చదివి, ఆపైన మనసు జబ్బుల గురించి చదివి మందులు రాసేవారు సైకియాట్రిస్టులు. మా పిల్లది ఆ చదువు కాదు. సైకాలజీలో ఎం.ఏ. చేసి, ఆ తరువాత రెండేళ్ళు ఒక పెద్ద ఆస్పత్రిలో శిక్షణ పొందింది. దాన్ని క్లినికల్ సైకాలజీ అంటారు. ఆ చదువు చదివినవాళ్ళు 1992 నాటి చట్టం కింద ఏర్పడ్డ పునరావాస మండలిలో పేరు నమోదు చేయించుకుంటేగాని వృత్తి చేయకూడదు. వాళ్ళ పనల్లా పరీక్షలు పెట్టడం, మాట్లాడడం, అన్నిటికంటే ముఖ్యంగా వినడం. పరీక్షలంటే మన బళ్ళో పరీక్షలు కావు. రంగు చెక్కముక్కలు పేర్పించి తెలివిని అంచనా కడతారట. చదువురానివాళ్ళకి కూడా పనికొచ్చేటట్లు భాటియాగారనే ఆయన మన దేశపు పిల్లల కోసం 1955లోనే అలాంటివి కూర్చి పెట్టారట. సిరా ఒలికినట్టుండే మరకల బొమ్మలు చూపించి, "ఇందులో మీకేం కనిపిస్తోంది?" అని అడిగేవి ఇంకో రకం. అవి 1921లో రోర్షాక్ అనే స్విట్జర్లాండు డాక్టరు అచ్చువేయించినవి.

ఇవన్నీ విన్నాక నాలోని రచయిత్రి ఊరుకుంటుందా? మధ్యాహ్నం భోజనాలయ్యాక దాని పక్కన చాప మీద చేరి, "ఏదీ, రెండేళ్ళలో ఎంతమంది కథలు విన్నావో! ఒక్కటి చెప్పవే. పేర్లు మారుస్తాలే" అన్నాను.

"చెప్పకూడదు పిన్నీ."

"పేరు మారుస్తానంటుంటే?"

"పేరు మార్చినా ఆవిడ చదివితే తనదని తెలుస్తుందిగా. చట్టం కూడా ఉంది." 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం, రోగి సంగతులు రహస్యంగా ఉంచడం రోగి హక్కు అంటుందని, ఎవరి ప్రాణానికైనా ముప్పు వచ్చినప్పుడు, కోర్టువారు అడిగినప్పుడు, అలాంటి కొన్ని సందర్భాల్లోనే దానికి మినహాయింపు అని చెప్పుకొచ్చింది.

నాకు కాస్త కోపం వచ్చింది. చంటిపిల్లప్పుడు ఈ చేతుల్తో నలుగుపెట్టి నీళ్ళుపోసిన దాన్ని! "అయితే మరి వారంవారం మీ మేడమ్ దగ్గర కూర్చుని చెబుతావే, అది రహస్యం బయటపెట్టడం కాదూ?" అన్నాను, లాయరు పాయింటు లాగినట్టు.

అది నవ్వలేదు. "మొదటిరోజునే రోగికి చెప్పేస్తాం పిన్నీ. నేనింకా నేర్చుకుంటున్నాను, మీ సంగతి మా మేడమ్‌తో మాట్లాడతాను, మీకిష్టమేనా అని అడుగుతాం. వద్దంటే వద్దు. అయినా అక్కడ నేను ఎక్కువగా చెప్పేది ఆవిడ కథ కాదు, నా తప్పులు."

ఈ మాట నన్ను ఆ పూటంతా వదల్లేదు.

ఆలోచించండి. ఒకరి గుండెలో గాయం ఉంది. దాన్ని విప్పి చూడ్డానికి ఇరవైనాలుగేళ్ళ పిల్లని, ఇంకా నేర్చుకుంటున్న పిల్లని కూర్చోబెట్టడం న్యాయమేనా? వీణ నేర్చుకునే పిల్ల తంతి తెంపితే కొత్త తంతి వేయిస్తాం. కుట్టు నేర్చుకునే పిల్ల జాకెట్టు పాడుచేస్తే రెండు తిట్లు తిట్టి ఊరుకుంటాం. మనిషిని పాడుచేస్తేనో? వెయ్యిమందిని చంపితేగాని వైద్యుడు కాడని మనవాళ్ళు వేళాకోళానికి అంటారుగాని, ఆ వెయ్యిమందిలో మనం ఒకరమైతే అది వేళాకోళం కాదు. పైగా పెద్దాస్పత్రులకి వచ్చి విద్యార్థుల చేతుల్లో పడేది ఎక్కువగా డబ్బులేనివాళ్ళే. ఉన్నవాళ్ళు చెయ్యి తిరిగినవాళ్ళ దగ్గరికే పోతారు.

ఆ రాత్రి ఇదే అడిగాను దాన్ని. చాలాసేపు ఆలోచించి, "నా తప్పు ఒకటి చెబుతాను. ఆవిడెవరో, ఎందుకొచ్చిందో అడక్కు" అని చెప్పడం మొదలుపెట్టింది.

శిక్షణలో చేరిన కొత్త. ఎదురుగా కూర్చున్నావిడ మాట్లాడుతూ మాట్లాడుతూ ఏడ్చింది. దీనికి చేతులు వణికాయి. గబగబా మంచినీళ్ళ గ్లాసు అందించి, "ఏడవకండి, అంతా సర్దుకుంటుంది" అంది. ఆవిడ కళ్ళు తుడుచుకుంది. మంచిపని చేశాననుకుంటూ వెళ్ళి మేడమ్‌కి చెప్పింది.

ఆవిడ కేకలెయ్యలేదట. రెండే ప్రశ్నలడిగిందట. "అంతా సర్దుకుంటుందని నీకెలా తెలుసు?" అని ఒకటి. "ఆ ఏడుపు ఆగడం ఎవరికి కావలసి వచ్చింది? ఆవిడకా, నీకా?" అని రెండోది.

"ఆ రాత్రి హాస్టల్లో నిద్రపట్టలేదు పిన్నీ. నిజమే. ఆ ఏడుపు నేను భరించలేకపోయాను. నా భయం పోగొట్టుకోవడానికి ఆవిడ నోరు మూయించాను. మరుసటి వారం ఆవిడ వస్తే, 'పోయినవారం మీరు చెబుతుంటే నేనే మధ్యలో ఆపాను, ఇవాళ ఆపను' అన్నాను." ఆవిడ ఏం చెప్పిందో మాత్రం నాకు చెప్పలేదు సుమండీ, ఎంత బతిమాలినా.

ఈ పద్ధతి నిన్నమొన్నటిది కాదు. బెర్లిన్‌లో 1920లో ఫ్రాయిడ్ శిష్యులు వైద్యశాల తెరిచినప్పుడే, నేర్చుకునేవాడు తను చూసే రోగుల గురించి పెద్దవాడి ముందు కూర్చుని చెప్పుకోవాలనే అలవాటు మొదలైంది. అమెరికాలో కార్ల్ రోజర్స్ అనే ఆయన ఇంకో అడుగు ముందుకు వేశాడు. గదిలో జరిగిన సంభాషణ అంతా గ్రామఫోను ప్లేట్ల మీద ఎక్కించి, మళ్ళీ వేసుకుని వినేవారు. 1942లో ఆయన రాసిన పుస్తకంలో ఒక మనిషితో ఎనిమిదిసార్లు జరిగిన సంభాషణ మొదటినుంచి చివరిదాకా అచ్చయింది. మన మాట మనమే వినడమంత శిక్ష ఇంకోటి లేదు. విన్నాననుకున్నచోట ఎంత వాగామో అప్పుడు తెలుస్తుంది. మా ఇంట్లో ఒక్కపూట నా మాటలు అలా ఎక్కించి వినిపిస్తే నేను నెలరోజులు మౌనవ్రతం పడతానేమో!

పెద్దవాళ్ళు వెనకాల ఉన్నంతమాత్రాన అంతా సవ్యంగా జరుగుతుందా అంటే, జరగదు. కాలిఫోర్నియాలో ఒక విశ్వవిద్యాలయపు ఆస్పత్రిలో, ఒక అమ్మాయిని చంపుతానని రోగి తనను చూసే సైకాలజిస్టుతో చెప్పాడు. ఆయన పోలీసులకి తెలియపరిచాడు. వాళ్ళు అతన్ని పట్టుకుని, కాసేపు మాట్లాడి వదిలేశారు. ఆస్పత్రిలో పై అధికారి ఇక ఈ సంగతిలో ఏమీ చెయ్యొద్దన్నాడు. ఆ అమ్మాయికిగాని, కన్నవాళ్ళకిగాని ఒక్క మాట చెప్పినవాళ్ళు లేరు. 1969 అక్టోబరులో ఆ అమ్మాయి, టటియానా తారసాఫ్, అతని చేతిలోనే చచ్చిపోయింది. ప్రమాదంలో ఉన్న మనిషిని కాపాడే బాధ్యత కూడా వైద్యుడికి ఉందని అక్కడి పెద్ద కోర్టు 1976లో తీర్పు చెప్పింది. అంటే రహస్యం గొప్పదే, ప్రాణం అంతకంటే గొప్పది. ఎప్పుడు నోరు మూసుకోవాలో, ఎప్పుడు విప్పాలో తెలుసుకోవడమే ఆ చదువులో సగం కాబోలు.

సరే, ఆస్పత్రుల సంగతి అలా ఉంచండి. నా మనసు నన్ను వేరేచోటికి లాక్కుపోయింది.

మన ఇళ్ళల్లో ఒకరి కష్టం ఒకరు వినని రోజుందా? గోడ దగ్గర, మేడమీద, పెళ్ళిపందిట్లో, బస్సులో! మనందరం వైద్యులమే. సంతకాల పుస్తకం లేదు, రెండేళ్ళ శిక్షణ లేదు, మన తప్పు ఎత్తిచూపే మేడమ్ అసలే లేదు. ఎదుటి మనిషి నోరు తెరిచిందో లేదో, "సర్దుకుపోవాలమ్మా" అనే మాత్ర సిద్ధం. ఎవరైనా ఏడిస్తే మన నోట వచ్చే మొదటి మాట ఏమిటి? "ఊరుకో, ఊరుకో." ప్రేమతోనే అంటాం. కాని ఊరుకోవడం అంటే ఏమిటి? మాట్లాడకుండా ఉండడమేగా?

ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పనిది ఒకటి ఆ రాత్రి దానితో చెప్పాను. అప్పుడు మేం ఉన్న అద్దె ఇంట్లో పక్కవాటాలో ఒకావిడ ఉండేది. నాకంటే రెండేళ్ళు చిన్న. ఇద్దరు పిల్లలు. కాఫీపొడికో, పెరుగు తోడుకో వచ్చేది. ఒక మధ్యాహ్నం గిన్నె చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడి, "వదినగారూ, నాకెందుకో బతకాలని లేదండీ" అంది. ఎలా అందనుకున్నారు? ఇవాళ కూర వండలేదండీ అన్నంత మామూలుగా. నాకు ఒళ్ళు జల్లుమంది. "ఊరుకోండి, అవేం మాటలు! రత్నాల్లాంటి పిల్లల్ని పెట్టుకుని!" అన్నాను. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని లోపలికి పరుగెత్తాను.

ఊరుకోమన్నాను. ఆవిడ ఊరుకుంది. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. కొన్నాళ్ళకి వాళ్ళాయనకి బదిలీ అయి వెళ్ళిపోయారు. ఆవిడ ఎక్కడుందో, ఎలా ఉందో నాకు తెలియదు. పాలు మాత్రం ఆరోజు పొంగిపోలేదు.

ఇదంతా చెబుతున్నంతసేపూ మా పిల్ల మధ్యలో "ఊ" అంటూనే ఉంది. నేను చెప్పడం అయిపోయాక కూడా వెంటనే ఏమీ అనలేదు. "ఊరుకో పిన్నీ, నీ తప్పేముంది" అంటుందని ఎదురుచూశాను. అంటే ఎంత హాయిగా ఉండేదో! అనలేదు. కాసేపటికి, "అప్పుడు నువ్వూ భయపడ్డావు కదూ" అంది. ఆ ఒక్కమాటకి, ఇన్నేళ్ళూ రాని ఏడుపు వచ్చింది నాకు. అది మంచినీళ్ళ కోసం పరుగెత్తలేదు. అలా కూర్చునే ఉంది.

తరువాత నెమ్మదిగా చెప్పింది. అలాంటి మాట ఎవరైనా అంటే, "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగవచ్చట. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని మన భయం, అది నిజం కాదట. మనం అడిగితే వాళ్ళ బరువు కొంత దిగుతుందట. ఆపైన మనిషిని ఒంటరిగా వదలకుండా డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాలి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం వారు పెట్టిన టెలి మానస్ అనే సర్వీసు ఉంది, 14416కి డబ్బులేమీ లేకుండా ఎప్పుడైనా ఫోను చెయ్యవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు అని కూడా చెప్పి, ఆ నంబరు మా వంటింట్లో కాలెండరు మీద తనే రాసింది.

నేర్చుకునే చేతికి ఒకరి దుఃఖం అప్పగించవచ్చునా అన్న నా ప్రశ్నకి జవాబు నాకు దొరికినట్టే ఉంది. నేర్చుకుంటున్నానని ముందే ఒప్పుకున్న చెయ్యి, తప్పు చేస్తే వెళ్ళి చెప్పుకునే చెయ్యి, సరిదిద్దుకుని మళ్ళీ ఆ మనిషి ముందుకే వచ్చే చెయ్యి అయితే అప్పగించవచ్చు. భయపడవలసింది, నాకేం నేర్చుకోవలసిన పని లేదనుకునే చేతికి. అంటే నాలాంటివాళ్ళకి.

చిన్నప్పుడు మా అమ్మమ్మ కథ చెబుతూ, మేం ఊ కొట్టకపోతే కథ ఆపేసేది. ఊ కొట్టేవాళ్ళు లేకపోతే కథ సాగదని ఆవిడకి ఏ కాలేజీలోనూ చెప్పలేదు. ఆ చిన్న విద్య మనం పెద్దయ్యేసరికి ఎక్కడ పారేసుకున్నామో!

అందుకని ఈమధ్య ఎవరైనా గుమ్మంలో నిలబడి గొంతు మార్చి ఏదైనా మొదలుపెడితే, నేను ముందు వంటింట్లోకి వెళ్ళి స్టవ్వు ఆపి వస్తున్నాను. వచ్చి కూర్చుని, "ఊ, చెప్పండి" అంటున్నాను. ఆ తరువాత నోరు మెదపకుండా ఉండడం ఎంత కష్టమో ఒకసారి మీరూ చూడండి.