రెండు కంపలు

2020 మార్చి 25. ఉగాది. కరోనాతో దేశమంతా లాక్‌డౌన్ మొదలైన రోజు. హైదరాబాద్‌లో ఓ దుకాణంలో లెక్కలు రాసే తమ్ముడు భార్యనూ కూతురినీ బండి మీద ఎక్కించుకుని నల్లగొండ జిల్లాలోని సొంతూరికి బయల్దేరాడు. పట్నంలో అద్దెకుండేది ఒక్క గది. కుళాయి, మరుగుదొడ్డి నాలుగు వాటాలకూ కలిపి. ఊరికి పోతే గాలైనా ఆడుతుందనుకున్నాడు.

ఊరి మొదట్లో రోడ్డుకు అడ్డంగా తుమ్మకంప. దానికి అవతల కర్ర పట్టుకుని కాపలా ఉన్నది సొంత అన్నే.

“నా ఊళ్లెకి నన్నే రానియ్యవా అన్నా?”

“ఊళ్లె ముసలోళ్లున్నరు తమ్మీ. ఒక్కలకు అంటుకున్నా దవాఖానకు తీస్కపోనీకి ఆటో లేదు, బస్సు లేదు. ఏడికని పోవాలె?”

అన్న ఇంటికి వెళ్లి సంచెడు బియ్యం, పండుమిరప తొక్కు డబ్బా తెచ్చాడు. కంప సందులోంచి ఇవతలికి నెట్టి, పది అడుగులు వెనక్కి జరిగాడు. పిల్ల “పెదనాయనా” అంటూ చేతులు చాపింది. ఆయన తల తిప్పుకున్నాడు. తమ్ముడు బియ్యం తీసుకుని మాట్లాడకుండా బండి తిప్పాడు. ఆ తర్వాత ఏడాది దాకా ఫోన్ కూడా చేయలేదు.

2021 ఏప్రిల్ వచ్చింది. పట్నంలో పడకలు లేవు. ఆక్సిజన్ సిలిండర్ల కోసం జనం పరుగులు. తమ్ముడు రాత్రుళ్లు నిద్ర మానుకుని, టీకా స్లాట్లు ఇచ్చే ప్రభుత్వ పోర్టల్ కోవిన్‌లో వెతికాడు. హైదరాబాద్‌లో అన్నీ నిండిపోయాయి. సొంత మండలంలోని పీహెచ్‌సీలో మాత్రం ఒక్క స్లాటు కనబడింది. తెల్లారేసరికి అక్కడున్నాడు.

సూది వేయించుకుని బయటికొస్తే వేపచెట్టు కింద అన్న! పొద్దు పొడవకముందే వచ్చి కూర్చున్నాడట. స్లాటు ఉన్నవాళ్లకే వేస్తామన్నారట. చుట్టూ ఊరివాళ్లు ఆధార్ కార్డులు చేత పట్టుకుని ఎదురుచూస్తున్నారు. లోపల కుర్చీల్లో ఉన్నది చాలావరకు పట్నం నుంచి వచ్చినవాళ్లు.

అన్న జేబులోంచి బటన్ ఫోన్ తీసి చూపించాడు. “నిరుడు నేనేసిన కంప నీ కండ్లకు కనబడ్డది తమ్మీ. ఇయ్యాల మాకేసిన కంప ఫోన్ల ఉన్నది. గది ఎట్ల జరపాలెనో మాకు తెల్వది.”

తమ్ముడు జబ్బ మీది దూదిని అదిమి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. కాసేపటికి “ఆధార్ ఇటియ్యి అన్నా” అని వాళ్ల పక్కనే కూర్చున్నాడు. అప్పట్లో ఒక్క నంబరు మీద నలుగురిని నమోదు చేయనిచ్చేవారు. తన నంబరు మీద ఇంకో ముగ్గురు, భార్య నంబరు మీద నలుగురు. ఓటీపీలు ఆమె ఫోన్లో చదివి చెప్పింది. స్లాట్లు మాత్రం అందరికీ దొరకలేదు. అన్నకు దొరికేలోపే పక్కింటి ముసలమ్మ పోయింది. జ్వరం వస్తే టైఫాయిడ్ అని ఆర్‌ఎంపీ సెలైన్ ఎక్కించాడు. కరోనా పరీక్ష ఎవరూ చేయలేదు. ఆమె చావు ఏ లెక్కలోకీ ఎక్కలేదు.

నీతి: జబ్బు ఒక్కటే అయినా పట్నానికి ఇరుకు ప్రాణం మీదికొచ్చింది, పల్లెకు దూరం. ఎవరి కష్టం వారికే తెలిసింది కాబట్టి అవతలివాడే సుఖంగా ఉన్నాడని ఇద్దరూ అనుకున్నారు. నిజానికి ఇరుకు పల్లెలోనూ ఉంది. 2021 మేలో ఇదే నల్లగొండ జిల్లాలో కరోనా సోకిన 18 ఏళ్ల కుర్రాడు, ఇంట్లో విడిగా ఉండే చోటు లేక, చెట్టు మీద పడక కట్టుకుని 11 రోజులు గడిపాడు. ఇంట్లోనే వేరే గదిలో ఉండండని చెప్పినవారికి ఒక్క గది ఇళ్లు గుర్తు రాలేదు. అన్న వేసిన కంపను నేను క్షమించగలను, అది భయంతో వేసింది. కోవిన్ వేసిన కంప మరిచిపోవడం వల్ల పడింది. పేదవాణ్ని, చదువురానివాణ్ని లెక్కలోకి తీసుకోకపోవడం భయం కన్నా పెద్ద తప్పు.

పండక్కి ఊరెళ్లినప్పుడు ఆరోగ్య ఉపకేంద్రం దాకా నడవండి. అక్కడ ఆక్సీమీటర్ పనిచేస్తోందా, రాత్రిపూట దవాఖానకు పోవడానికి బండి దొరుకుతుందా అని ఏఎన్‌ఎమ్‌ను అడగండి. లేవంటే సర్పంచ్‌తో కలిసి మండలాఫీసుకు వెళ్లి అర్జీ ఇవ్వండి.