కాదనలేని చోట

"దీనిమీద నా సంతకం ఎందుకే?" అంది అమ్మ. పాపకి అన్నం పెడుతూ, నేను బల్లమీద పెట్టిన కాగితంకేసి చూసింది.

"నీ గురించి రాయటానికి నువ్వు ఒప్పుకున్నావని. ఇష్టం లేకపోతే పెట్టక్కర్లేదు. మధ్యలో మానెయ్యొచ్చు కూడా" అని అందులో ఉన్నది తెలుగులో చెప్పాను.

"నువ్వడిగితే కాదంటానా, పిచ్చిపిల్లా!" అని, చెయ్యి కడుక్కొచ్చి సంతకం పెట్టేసింది.

ఇది జరిగి కొన్నేళ్ళయినా ఆ మాట నన్ను వదల్లేదు. కాదనలేని మనిషి ఇచ్చిన అంగీకారం అంగీకారమేనా?

అప్పుడు నేను అమెరికాలో ఒక యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్‌లో పిహెచ్.డి. చేస్తున్నాను. దానితోపాటు ఉమెన్స్ స్టడీస్‌లో గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్‌కి చేరాను. అది విడిగా డిగ్రీ కాదు. ఎవరి సబ్జెక్టులో వాళ్ళు పై చదువు చదువుకుంటూనే పక్కన మరో నాలుగైదు కోర్సులు పూర్తిచేస్తే ఇస్తారు. అక్కడి మొదటి ఉమెన్స్ స్టడీస్ కార్యక్రమాల్లో ఒకటి 1970లో శాన్ డియెగో స్టేట్‌లో మొదలైంది. మనదేశంలో 1974లో 'సమానత్వం దిశగా' నివేదిక వచ్చింది. అదే ఏడాది ముంబయి ఎస్.ఎన్.డి.టి.లో స్త్రీల అధ్యయన కేంద్రం ఏర్పడింది. రెండుచోట్లా ఉద్యమాల్లోని స్త్రీలు వేసిన ప్రశ్నలే తరగతి గదిలోకి వచ్చాయి. అందుకే ఆ చదువంటే నాకు అంత గౌరవం.

నేను రాయాల్సిన పేపరు, కూతుళ్ళ పురుళ్ళకీ పిల్లల్ని చూసుకోటానికీ విజిటర్ వీసా మీద వచ్చి ఆరేసి నెలలు ఉండిపోయే తెలుగు అమ్మల గురించి. లెక్కలు నా చేతిలో పనే. 2019లో మనదేశంలో జరిగిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతంలేని ఇంటిపని చేసేవాళ్ళలో స్త్రీలు రోజుకి సగటున 299 నిమిషాలు ఆ పనిలో గడిపితే, మగవాళ్ళు 97 నిమిషాలు గడిపారు. ఆ సర్వే దేశంలోని ఇళ్ళది. తెనాలి దగ్గర పల్లె నుంచి వచ్చి, మంచు కురిసే ఊళ్ళో నా వంటింట్లో అమ్మ చేస్తున్న చాకిరి అందులోకి రాదు. దాన్ని నేనే రాయాలనుకున్నాను.

పరిశోధనలో మనుషుల్ని ఎలా చూడాలో 1979లో అచ్చయిన బెల్మాంట్ రిపోర్టు చెప్పింది. మనిషిని గౌరవించాలి, మేలు చూడాలి, న్యాయం పాటించాలి. ఒప్పుకోలు ఎవరి బలవంతమూ లేకుండా రావాలి. మంచి సూత్రాలే. కానీ అమ్మ ముందు పెట్టిన కాగితం ఇద్దరు పరాయివాళ్ళ మధ్య ఒప్పందంలా ఉంది. కూతురు అడిగితే తల్లి ఎలా ఒప్పుకుంటుందో దానికి తెలీదు.

మూడు సాయంత్రాలు అమ్మ చెప్తుంటే రికార్డు చేశాను. మూడోరోజు తన పెళ్ళయిన కొత్తల్లో జరిగిన ఒక సంగతి చెప్పి, కాసేపు ఆగి, "ఇదిమాత్రం రాయకు" అంది. నా పేపరు మొత్తానికి ప్రాణం అదే. పేరు తీసేస్తే ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను. రెండురాత్రులు కొట్టుమిట్టాడి చివరికి వదిలేశాను. అక్కడేదో వెలితి ఉందని ప్రొఫెసర్ రాసింది. నిజమే, ఉంది. ఇక్కడా రాయటంలేదు.

అమ్మ కాదనలేదని నేననుకోవటంలో కొంత అహంకారం ఉందని అప్పుడు తెలిసింది. సంతకం పెట్టినప్పటికంటే 'రాయకు' అన్నప్పుడే, మిగిలినవి రాయటానికి ఆమె నిజంగా ఒప్పుకుందని నాకు నమ్మకం కలిగింది.

అయితే ఆమె మాటలకైనా ఆ కాగితం ఉంది. ఆమె పనికి ఏ కాగితమూ లేదు. నేను సాయంత్రం క్లాసులో ఇంటిచాకిరి గురించి చర్చిస్తున్నప్పుడు అమ్మ పాపని నిద్రపుచ్చుతుండేది. కారు నడపటం రాదు, పక్కింట్లో మాట్లాడే మనిషి లేదు. పాప తండ్రి వేరే ఊళ్ళో ఉద్యోగం, శని ఆదివారాలు వచ్చేవాడు. నా చదువుకి చోటు చెయ్యటానికి అతని ఉద్యోగం ఒక్క గంట కూడా జరగలేదు. అమ్మ మాత్రం తన ఇల్లూ, ఊరూ వదిలి వచ్చింది. సమానత్వం గురించి చదువుకోటానికి నేను ఇంకో ఆడమనిషి భుజాలమీద నిలబడ్డాను.

మరుసటి ఏడు అమ్మని పిలవలేదు. పాపని డేకేర్‌లో వేశాం. అతను సోమవారాలు ఇంటినుంచి పనిచెయ్యటానికి, కొంత గొడవ తర్వాత, ఒప్పుకున్నాడు. నేను రెండు కోర్సులు వాయిదా వేసుకున్నాను. సర్టిఫికెట్ ఏడాది ఆలస్యమైంది. న్యాయం చేశాననుకుని ఫోన్లో అమ్మకి చెప్పాను. అటునుంచి చాలాసేపు మాటలేదు.

"నేను చేసింది నచ్చలేదా? రావద్దనేముందు నన్నొకమాట అడగాల్సింది" అంది.

ఆమె శ్రమ తీసుకున్నప్పుడు అడగలేదు, వద్దనుకున్నప్పుడూ అడగలేదు. రెండుసార్లూ ఆమె తరఫున నేనే నిర్ణయించేశాను. రెండోసారి దానికి స్త్రీవాదం అని పేరు పెట్టుకున్నాను, అంతే తేడా.

సర్టిఫికెట్ ఇప్పుడు ఫైల్లో ఉంది. అందులో సగం అమ్మదే అనటం తేలిక. కానీ అలా అనేస్తే బాకీ తీరిపోయినట్లుంటుంది, అందుకే అనను. నా మటుకు నాకు తేలిందొక్కటే. ఎదుటిమనిషి వద్దంటే నాకు కలిగే నష్టం ముందే లెక్కేసుకుని, దాన్ని భరించటానికి సిద్ధపడి అడగాలి. అలా సిద్ధపడకపోతే, ఎంత మర్యాదగా అడిగినా అది ఆజ్ఞే. తల్లుల దగ్గరా అంతే, మనం రాసే పేద స్త్రీల దగ్గరా అంతే.

మొన్న ఫోన్లో అడిగాను, "అమ్మా, ఈసారి రావాలనుందా? పనికి కాదు, ఊరికే" అని.

"ఆలోచించి చెప్తాలే" అంది అమ్మ.

ఆమె నోట ఆ మాట నేను మొదటిసారి వినటం. ఇంకా ఏమీ చెప్పలేదు. తొందరపెట్టకుండా ఎదురుచూస్తున్నాను.